ఏ పేపర్లో వచ్చింది?

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో మొన్న మా బాబాయి ఒక పేపరు కటింగ్ పెట్టాడు. కొమ్మమూరు కాలువ కింద చివరి భూములకు నీళ్ళందక నారుమళ్ళు ఎండిపోతున్నాయని వార్త. ఫోటోలో బీటలు వారిన మడి, గట్టు మీద తలగుడ్డ చుట్టుకుని నిలబడ్డ రైతు. మా ఊరు ఆ కాలువ కిందిదే. గ్రూపులో సగం మందికి అక్కడ ఎంతో కొంత పొలముంది. లేనివాళ్ళకు పొలమున్న అన్నో అక్కో ఉన్నారు. అయినా మొట్టమొదటి ప్రశ్న నీళ్ళ గురించి రాలేదు. "ఏ పేపరు బాబాయ్?" అని హైదరాబాదులో ఉండే మా తమ్ముడి వరసవాడు అడిగాడు. బాబాయి పేరు చెప్పగానే తీర్పు కూడా వచ్చేసింది: "ఓ, అదా! వాళ్ళు అలాగే రాస్తారులే." అక్కణ్ణించి ఆ పేపరు ఎప్పుడు ఏం రాసింది, రెండో పేపరు దానికేం బదులు రాసింది అని చాలాసేపు నడిచింది. మధ్యలో ఊళ్ళో ఉండే మా అత్తయ్య వాయిస్ మెసేజ్ పెట్టింది: "నీళ్ళు రాలేదురా, పొద్దున నేను చూసే వచ్చాను." దానికి ఎవరూ జవాబివ్వలేదు.

ఇలాంటిది మీ ఇంట్లోనూ జరిగే ఉంటుంది. కాలువ బదులు ఆసుపత్రి అయుండొచ్చు, రోడ్డు అయుండొచ్చు. మనవాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది: "ఏ పత్రిక ఎవరిదో, ఏ చానల్ ఎవరిదో తెలుగునాట పసిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. కాబట్టి మీడియా మనల్ని మోసం చెయ్యలేదు." మొదటి వాక్యం నేనూ ఒప్పుకుంటాను. రెండోదాన్ని ఒప్పుకోలేను. పక్షం తెలిసిపోవడం వల్ల మనకు రక్షణ దొరికిందని నాకు అనిపించడం లేదు. పత్రికలు మనచేత ఓటు మార్పించలేకపోయి ఉండవచ్చు. కానీ కళ్ళెదుట ఉన్న సంగతిని వదిలేసి, చెప్పినవాడి గోత్రం విచారించే అలవాటు మనకు బాగా చేసిపెట్టాయి. నా బాధ దాని గురించి.

ఓటు దగ్గర పాఠకుడు

ముందు మన తెలివి గురించే చెప్పుకుందాం, ఎందుకంటే అందులో నిజముంది. 2004 ఎన్నికల నాటికి రాజశేఖరరెడ్డి కుటుంబానికి చెందిన 'సాక్షి' లేదు, అది వచ్చింది 2008లో. అయినా ఉమ్మడి రాష్ట్రంలో 294 స్థానాలకు కాంగ్రెసుకు 185, తెలుగుదేశానికి 47 వచ్చాయి. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక పేర్లు చెప్పకుండా "ఆ రెండు పత్రికలు" అంటూ సభల్లో విరుచుకుపడేవారు. వింటున్న జనానికి ఆ రెండూ 'ఈనాడు', 'ఆంధ్రజ్యోతి' అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయేది. 2009లో ఆయనే 156 స్థానాలతో మళ్ళీ గెలిచారు. 2019లో జగన్ పార్టీకి 175లో 151. 2024లో సొంత పత్రిక, సొంత చానల్, ఐదేళ్ళ అధికారం మూడూ ఉన్న అదే పార్టీకి 11.

2008 ఆగస్టులో తిరుపతిలో చిరంజీవి పార్టీ పెట్టిన రోజు గుర్తుందా? టీవీ పెడితే వేరే వార్తే లేదు. ఆ తర్వాత నెలల తరబడి ఏ చానల్ తిప్పినా అదే గోల. ఎన్నికల్లో ఆ పార్టీకి వచ్చినవి 18 సీట్లు. తెర మీద ఎంతసేపు కనిపిస్తే అన్ని ఓట్లు పడతాయన్న లెక్క మన దగ్గర ఎప్పుడూ కుదరలేదు.

నాయకులకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. లేకపోతే ఎందుకు నడుస్తారు? 2003 మండుటెండల్లో రాజశేఖరరెడ్డి చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. పత్రికలు తన మాట మోయవని ఆయన అలా వెళ్ళారని అనుకోవచ్చు. కానీ 2012లో చంద్రబాబు హిందూపురం నుంచి నడక మొదలుపెట్టారు, 2023లో లోకేశ్ కుప్పం నుంచి బయల్దేరారు. పెద్ద పత్రికలు తమకు అనుకూలమని ఊరంతా అనుకునే పక్షం కూడా కాళ్ళనే నమ్ముకుంది. సొంత పత్రిక, టీవీ పెట్టుకున్న జగన్ 2017 నవంబరు నుంచి 2019 జనవరి దాకా 3,648 కిలోమీటర్లు నడిచారు. మీడియా చేతిలో ఉంటే చాలని వీళ్ళలో ఏ ఒక్కరూ అనుకోలేదు. మనిషి ఎదురుగా వచ్చి చెయ్యి పట్టుకుంటే కలిగే నమ్మకం అచ్చులో దొరకదని అందరికీ తెలుసు.

దీనికి ఎదురు ఉదాహరణ లేకపోలేదు, అది నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతూనే ఉంది. 1995 ఆగస్టు. అంతకు ముందు డిసెంబరులోనే భారీ మెజారిటీతో గెలిచిన ఎన్టీఆర్‌ను అల్లుడు చంద్రబాబు వైపు చేరిన ఆయన ఎమ్మెల్యేలే దించేశారు. 1983లో ఆయన గెలుపు కోసం ముందుండి నడిచిన 'ఈనాడు' ఈసారి అవతలివైపు నిలబడింది. ఎన్టీఆర్ భార్య లక్ష్మీపార్వతి జోక్యమే అసలు సమస్య అన్న కథనం ఆ రోజుల్లో ప్రతి ఇంటికీ చేరింది. 1996 జనవరిలో ఎన్టీఆర్ పోయారు. ఆ ఏడాదే జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో ఆమె పార్టీకి ఒక్క సీటూ రాలేదు. ఇది పత్రికల పనేనా? పార్టీ కేడరు, ఎమ్మెల్యేలు, డబ్బు, అధికారం అన్నీ చంద్రబాబు వైపే ఉన్నాయి కదా? ఇందులో పత్రిక వాటా ఇంత అని విడదీసి చెప్పే మార్గం నాకు కనిపించలేదు. ఓటు మీద ప్రభావం ఉందా లేదా అన్న ప్రశ్ననే పట్టుకు వేలాడితే ఎటూ తేలదని మాత్రం అర్థమైంది. ప్రభావాన్ని వేరేచోట వెతకాలి.

దూబగుంట వాళ్ళు పాఠాన్ని ఎలా చదివారు

సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన నెల్లూరు జిల్లా దూబగుంట కథ తెలియనివాళ్ళు మనలో తక్కువ. అందుకే కథంతా చెప్పను, నన్ను పట్టి ఉంచే ఒక్క ముక్క చెప్తాను. ఆ ఆడవాళ్ళు చదివింది ప్రభుత్వం అచ్చువేసిన వాచకం. అక్షరదీపం అనే వయోజన విద్య కార్యక్రమంలో, రాత్రిపూట లాంతరు వెలుతురులో, సంతకం చెయ్యడం నేర్పడానికి పెట్టిన తరగతుల్లో 'సీతమ్మ కథ' అనే పాఠం వచ్చింది. సారా వల్ల గుల్లయిన ఇంటి కథ. అదే ప్రభుత్వం సారా వేలంపాటల మీద ఖజానా నింపుకుంటోంది. పాఠం రాసినవాళ్ళు అక్షరాలు వస్తే చాలనుకుని ఉంటారు. చదివినవాళ్ళు మర్నాడు లేచి సారా దుకాణం మీదికి వెళ్ళారు.

ప్రచార సాధనాల గురించి ఎవరు ఏం చెప్పినా నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. రాసినవాడి ఉద్దేశం ఒకటి, చదివినవాళ్ళు దాన్లో చూసుకున్నది ఇంకొకటి. వాళ్ళు పాఠాన్ని తమ ఇంటి పక్కన పెట్టుకుని చదివారు. మొగుడి జేబు, పొయ్యి మీద ఖాళీ గిన్నె, ఊరి చివర దుకాణం వాళ్ళకు ముందే తెలుసు. పాఠం కొత్త సంగతి చెప్పలేదు. ఒక్కొక్కరు ఎవరికి వారు పడుతున్న బాధ ఊరందరిదీ అని తెలియజేసింది.

ఆ తర్వాతి మెట్టు పత్రికది. 'ఈనాడు' 1989 నుంచి జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. ఒక మండలంలో జరిగిన చిన్న సంగతికి అచ్చులో చోటు దొరకడం అప్పుడప్పుడే మొదలైంది. 1992లో సారా ఉద్యమానికి ఆ పత్రిక ప్రత్యేకంగా పేజీలు కేటాయించింది. ఒక ఊళ్ళో వేలంపాట ఆపితే పక్క తాలూకాలో తెలిసేది, వాళ్ళూ ఆపేవాళ్ళు. దీనిలో రాజకీయం లేదా అంటే నిక్షేపంగా ఉంది. అప్పుడు అధికారంలో కాంగ్రెసు, ప్రతిపక్షంలో తెలుగుదేశం. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణస్వీకార వేదిక మీదే సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. ఆడవాళ్ళను పత్రిక వాడుకుందా, పత్రికను ఆడవాళ్ళు వాడుకున్నారా అని అడిగితే రెండూ జరిగాయనే అంటాను. అప్పట్లో ఆ పేజీ చదివిన ఏ ఆడమనిషీ "ఏ పేపర్లో వచ్చింది?" అని అడిగి ఉండదు. దుకాణం కళ్ళెదుటే ఉంది. వార్త నిజమో అబద్ధమో తేల్చడానికి గుమ్మం దాటితే సరిపోయేది.

1997లో చంద్రబాబు ప్రభుత్వం మద్యనిషేధం ఎత్తేసింది. 1992 నాటి వేడి అప్పుడు అచ్చులో లేదు. ఆ నాలుగైదేళ్ళలో ఆడవాళ్ళ ఇళ్ళల్లో పరిస్థితి మారిపోయిందని ఎవరైనా అంటే నేను నమ్మను. పేజీ పోయింది, బాధ అలాగే ఉంది. పత్రికకున్న అసలు శక్తి ఇక్కడే కనిపిస్తుంది. ఎవరికి ఓటెయ్యాలో చెప్పడం దానివల్ల కాకపోవచ్చు, ఊరంతా కలిసి దేని గురించి మాట్లాడుకోవాలో నిర్ణయించడం దానివల్ల అవుతుంది. ఒక సంగతి మీద మాటలు ఎప్పుడు ఆగిపోవాలో నిర్ణయించడం కూడా.

పాసుపుస్తకం మీద ఫోటో

ఇరవై ఏడేళ్ళు ముందుకొద్దాం. 2024 ఏప్రిల్, మే నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఏ ఊరికి వెళ్ళినా ల్యాండ్ టైటిలింగ్ చట్టం గురించే మాట. ఆ చట్టాన్ని చదివినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగేంతమంది ఉండి ఉంటారు. పత్రికల్లో ఒక వరస "మీ భూమి మీది కాకుండా పోతుంది" అని రోజూ రాసింది. ఇంకో వరస "ఇది కేంద్రం చెయ్యమన్న చట్టం, నీతి ఆయోగ్ నమూనా, ప్రతిపక్షాలది విషప్రచారం" అని రోజూ రాసింది. నేను ఆ రోజుల్లో రెండు వరసలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. ఒకదాన్లో ఉన్న వాస్తవం రెండోదాన్లో ఉండేది కాదు.

అసలు సంగతి గంభీరమైనది. మన దేశంలో రిజిస్ట్రేషన్ అంటే అమ్మకం జరిగిందనడానికి సాక్ష్యం, అంతే. భూమి ఫలానావాడిదేనని ప్రభుత్వం హామీ ఇవ్వదు. ఆ హామీ ఇచ్చే పద్ధతి తేవాలని చాలాకాలంగా చర్చ ఉంది, దాన్ని కోరుకోవడానికి మంచి కారణాలున్నాయి. అయితే మన రాష్ట్రంలో చేసిన చట్టం హక్కు వివాదాలను సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించి అధికారులకు అప్పగించింది, వాళ్ళ నిర్ణయం నచ్చకపోతే చివరికి హైకోర్టుకే వెళ్ళాలంది. అరెకరం ఉన్న మనిషి ఊరి పక్క కోర్టు వదిలి హైకోర్టుకు ఎలా వెళ్తాడు? లాయర్లు ఈ ప్రశ్నతోనే ఎన్నికల ప్రకటన రాకముందే కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కారు. భూముల రీసర్వే పూర్తయ్యేదాకా చట్టం అమలు చెయ్యబోమని ప్రభుత్వం చెప్పింది. ఇవన్నీ కలిపి ఒక్కచోట, సాదా తెలుగులో, ఎవర్నీ తిట్టకుండా రాసినది ఆ రోజుల్లో నా కంటపడలేదు.

మరి జనం ఏం అర్థం చేసుకున్నారు? మా ఊరి రచ్చబండ దగ్గర ఒకాయన తన పట్టాదారు పాసుపుస్తకం తీసి అట్ట మీద ముఖ్యమంత్రి ఫోటో చూపించాడు. "మా నాన్న కొన్న పొలం. దీని మీద ఈయన బొమ్మెందుకు?" అన్నాడు. చట్టంలోని సెక్షన్లు ఆయనకు తెలియవు. ఫోటో తెలుసు. రీసర్వేలో పాతిన హద్దురాయి మీద పథకం పేరులో ముఖ్యమంత్రి పేరుండటం తెలుసు. పేపర్లో చదివిన భయాన్ని చేతిలో ఉన్న పుస్తకం రుజువు చేసింది. దూబగుంట ఆడవాళ్ళు పాఠాన్ని తమ ఇంటితో కలిపి చదివినట్టే ఈయన వార్తను తన పాసుపుస్తకంతో కలిపి చదివాడు. పత్రిక మాట అతుక్కునేది ఇలాంటి చోటే. పాఠకుడి చేతిలో ముందే ఏదో ఉండాలి.

కానీ రెండింటికీ ఒక తేడా ఉంది, అదే నాకు నిద్రపట్టనివ్వనిది. సారా దుకాణానికి వెళ్ళి చూస్తే నిజం తెలిసేది. చట్టాన్ని వెళ్ళి చూడలేం. పాసుపుస్తకం మీది ఫోటో అహంకారానికి సాక్ష్యమైతే కావచ్చు. భూమి పోతుందా పోదా అన్నదానికి అది సాక్ష్యం కాదు. కొత్త ప్రభుత్వం వచ్చాక చంద్రబాబు తొలి సంతకాల్లో ఒకటి ఆ చట్టం రద్దు మీద పెట్టారు, శాసనసభ రద్దు బిల్లును ఆమోదించింది. పాసుపుస్తకాల మీద రాజముద్ర వెయ్యాలని నిర్ణయించారు. భూమి హక్కుకు ప్రభుత్వం హామీ ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎలా ఇవ్వాలి అన్న ప్రశ్న మాత్రం రెండు వరసల్లోనూ ఒకేసారి మాయమైపోయింది. గెలిచినవాళ్ళకు దాని అవసరం తీరింది, ఓడినవాళ్ళకు దాని పేరెత్తితే నష్టం.

ఎక్కువ తెలిసినవాడి కోపం

1982లో బీరూట్‌లోని సబ్రా, షతీలా పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో జరిగిన ఊచకోత మీద అమెరికా టీవీ వార్తలను స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు విద్యార్థులకు చూపించారు. ఇజ్రాయెల్‌ను సమర్థించేవాళ్ళు, అరబ్బులను సమర్థించేవాళ్ళు చూసినవి అవే వార్తలు. ఆ వార్తలు తమకు వ్యతిరేకంగా ఉన్నాయని ఇద్దరూ అన్నారు. ఏ పక్షమూ లేనివాడు ఇది చూస్తే తమకు దూరమవుతాడని ఇద్దరూ భయపడ్డారు. ఫలితాలు 1985లో అచ్చయ్యాయి. నన్ను ఆపేసిన సంగతి ఇంకోటుంది: ఆ గొడవ గురించి ఎక్కువ తెలిసిన పక్షపాతులకే వార్తల్లో వివక్ష మరింత ఎక్కువగా కనిపించింది. తెలివి వాళ్ళను కాపాడలేదు. కోపానికి కొత్త ఆధారాలు సమకూర్చింది.

మనం గొప్పగా చెప్పుకునే తెలివి కూడా ఇలాగే పనిచేస్తోందని నాకు గట్టిగా అనిపిస్తుంది. మనవాళ్ళలో పత్రికల యాజమాన్యాలు, చుట్టరికాలు, వ్యాపారాలు, కేసులు పూసగుచ్చినట్టు చెప్పగలిగేవాళ్ళున్నారు. సరిగ్గా వాళ్ళే ఎండిన నారుమడి ఫోటో చూసి "వాళ్ళు అలాగే రాస్తారు" అనగలుగుతారు. ఏమీ తెలియని మనిషైతే ముందు నీళ్ళొచ్చాయో లేదో అడిగేవాడు.

కేబుల్ సంగతి చూడండి. 2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడిన కొద్దిరోజులకే, టీవీ9, ఏబీఎన్ ప్రసారాలు ఆ రాష్ట్రంలో కేబుల్ నుంచి పోయాయి. 2019లో జగన్ ప్రభుత్వం వచ్చాక ఆంధ్రలో ఏబీఎన్, టీవీ5 పోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే టీవీ9, ఎన్టీవీ, సాక్షి, 10టీవీ పోయాయి. ప్రతిసారీ మాకేం సంబంధం, కేబుల్ ఆపరేటర్ల నిర్ణయం అన్న జవాబే వినిపించింది. ప్రతిసారీ వ్యవహారం ట్రిబ్యునల్‌కో కోర్టుకో వెళ్ళింది. వార్తల మీద కేసులు పెట్టే అధికారాన్ని అధికారులకిస్తూ 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 938 నంబరు జీవో తెచ్చింది, 2019లో జగన్ ప్రభుత్వం 2430 నంబరు జీవో తెచ్చింది. ప్రభుత్వాలు ఇలా చేస్తాయని అనుకోవడం కష్టం కాదు. నాకు బాధ కలిగించింది మనవైపు స్పందన. చానల్ పోయిన ప్రతిసారీ చూసేవాళ్ళలో సగం మంది సంబరపడ్డారు. "వాళ్ళ చానలే కదా" అన్నారు. రిమోట్ నొక్కితే నల్లటి తెర వస్తే అది తన ఇంటి టీవీ అన్న స్పృహ కూడా లేకుండా పోయింది.

ఇద్దరు లాయర్లు

మాకు సోషల్ చెప్పిన మాస్టారు ఒకరున్నారు, ఇప్పటికీ కలిస్తే గంటల తరబడి మాట్లాడతారు. నా వాదన ఆయన ఒప్పుకోరు. "కోర్టులో ఇద్దరు లాయర్లు చెరో పక్షం వాదిస్తారు. ఇద్దరూ పక్షపాతులే. అయినా జడ్జికి నిజం తెలుస్తుంది కదా? ఒకరి తప్పు ఇంకొకరు బయటపెడతారు. పాఠకుడు జడ్జి" అంటారు. ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. అధికారంలో ఉన్నవాడి బాగోతం అవతలి పక్షం పత్రికే రాస్తుంది. అది లేకపోతే మనకు తెలియకపోయేవి చాలా ఉన్నాయి. 'విశాలాంధ్ర', 'ప్రజాశక్తి' మొదటినుంచీ తాము ఏ పార్టీ పత్రికలో చెప్పుకునే వస్తున్నాయి. ఆ నిజాయితీ మీద నాకు గౌరవముంది. పక్షం ఉండటమే తప్పని నేననను.

కానీ జడ్జి ఇద్దరి వాదనా పూర్తిగా వింటాడు. మన ఇళ్ళకు వచ్చేది ఒక్క పేపరు. రెండోవాడి వాదన మనకు మనవాడు చెప్పిన రూపంలోనే, వెక్కిరింతతో కలిసి అందుతుంది. పైగా కోర్టులో ఇద్దరు లాయర్లూ కలిసి దాచిపెట్టగల విషయం ఒకటుంటుంది. ఇద్దరికీ ఇబ్బంది కలిగించేది.

మద్యం తీసుకోండి. 2019 నుంచి ఐదేళ్ళు ఒక వైపు పత్రికలు పిచ్చి బ్రాండ్ల గురించి రాశాయి. 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు మళ్ళీ వచ్చి, 99 రూపాయలకు క్వార్టర్ అమ్మడం మొదలయ్యాక రెండో వైపు పత్రికలు రాయడం మొదలుపెట్టాయి. బ్రాండు, ధర, కమీషను, దుకాణం ఎవరికి దక్కింది, వీటి మీద రెండువైపులా రాతలున్నాయి. ఆ సీసా ఇంటికొచ్చాక ఏం జరుగుతుందన్నది ఏ మొదటి పేజీలోనూ లేదు. ఖజానాకు ఆ డబ్బు అవసరమని రెండు పార్టీలూ ఒప్పుకున్నాయి, కాబట్టి అక్కడ తగువు లేదు, తగువు లేనిచోట వార్త లేదు. ముప్పై ఏళ్ళ కిందట ఇదే రాష్ట్రంలో ఆడవాళ్ళు దీని మీదే ఒక ప్రభుత్వాన్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు.

కౌలురైతు సంగతీ అంతే. భూయజమానులు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు, కాబట్టి కౌలురైతు ఏ పక్షానికీ పూర్తిగా చెందడు. కార్పొరేటు కాలేజీల హాస్టళ్ళలో పిల్లల పరిస్థితి గురించి చదవాలంటే చిన్న పేజీల్లో వెతుక్కోవాలి. ఫలితాల మర్నాడు ర్యాంకుల ఫోటోలతో నిండుపేజీ ప్రకటనలు మాత్రం అన్ని పత్రికల్లోనూ సమానంగా ఉంటాయి. మండలంలో వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌కు చేతికొచ్చేది ఎంతో, ప్రకటనలు తెచ్చిపెట్టమని అతని మీద ఒత్తిడి ఎంతో ఆ వృత్తిలో ఉన్న ఎవరినడిగినా చెప్తారు. అది ఏ పత్రికలోనూ రాదు. "ఏ పేపర్లో వచ్చింది?" అని అడిగే తెలివికి వచ్చినవాటిని తూచడమే తెలుసు. రానిదాన్ని గమనించడం తెలియదు.

వాళ్ళ పేపర్లోనే వచ్చింది

ఈ అలవాటు ఎంత దూరం వెళ్ళిందో నకిలీ కటింగులు చూస్తే తెలుస్తుంది. ఎన్నికలొస్తే చాలు, పెద్ద పత్రికల అక్షరాలు, రంగులు, పేరు అన్నీ దించి తయారుచేసిన కటింగులు ఫోన్లలో తిరుగుతాయి. వే2న్యూస్ అనే వార్తల యాప్ లోగోతో తిరిగే నకిలీ క్లిప్పులైతే ఆ సంస్థే ఇది మాది కాదని చెప్పుకోవాల్సి వస్తుంది. వీటిని కొంతకాలంగా గమనిస్తున్నాను. పనితనమున్న నకిలీ ఎక్కువగా ప్రత్యర్థి పత్రిక పేరు మీదే ఉంటుంది. తయారుచేసేవాడు తన నాయకుణ్ణి పొగడాలంటే అవతలివాళ్ళ పత్రిక పొగిడినట్టు చేస్తాడు. అవతలి నాయకుడు ఓడిపోతాడని చెప్పాలంటే ఆ నాయకుడి పత్రికలోనే ఆ సర్వే వచ్చినట్టు చేస్తాడు. కింద ఒక్క లైను: "వాళ్ళ పేపర్లోనే వచ్చింది చూడండి."

చేసినవాడికి మన మనసు క్షుణ్ణంగా తెలుసు. మనం వార్తలో ఉన్న సంగతిని తూచకుండా పేరును తూస్తామని తెలుసు. తనవాడు చెప్తే అనుమానం, పగవాడు ఒప్పుకుంటే నమ్మకం. పత్రికల పక్షాలు మనకింత బాగా తెలియకపోతే ఈ మోసానికి తావే లేదు. అమాయకుడైన పాఠకుడి మీద ఇది పనిచెయ్యదు, ఆరితేరినవాడి మీదే పనిచేస్తుంది.

మా మండలంలో విలేకరిగా చాలా ఏళ్ళు పనిచేసిన మిత్రుడితో ఈ మధ్య ఇదంతా మాట్లాడాను. అతను నాతో ఏకీభవించలేదు. "జనానికి పక్షం కావాలి. రెండువైపులా రాస్తే ఇటువాళ్ళూ కొనరు, అటువాళ్ళూ కొనరు. నేను డెస్కుకు పంపిన కాలువ వార్తలు ఎన్నో లోపల పేజీలో పడ్డాయి. దానికో ఎమ్మెల్యే పేరు తగిలిస్తే పైకొచ్చాయి" అన్నాడు. అతను చెప్పింది జరుగుతున్నదే, కాదనలేను. కానీ ఎమ్మెల్యే పేరు తగిలించిన క్షణంలోనే ఆ వార్త కాలువది కాకుండా పోయిందని, చదివేవాళ్ళలో సగం మంది దాన్ని అక్కడితో వదిలేశారని అతనికి చెప్పాను. నీళ్ళొచ్చిన చివరి ఊరేది, ఏ తేదీన వచ్చాయి, ఏ తూము దగ్గర ఆగాయి అన్న మూడు సంగతులు రాస్తే ఏ పార్టీవాడైనా వెళ్ళి చూసుకోవచ్చు, తప్పైతే నిలదియ్యొచ్చు. జిల్లా పేజీ పుట్టింది అందుకే. అది ఇప్పటికీ ఉంది, మండలానికొక విలేకరి ఇప్పటికీ ఉన్నాడు. అలా రాస్తే మా చుట్టాల్లో ఒక్కడైనా పేపరు పేరు అడిగే ముందు మా అత్తయ్యకు ఫోన్ చేస్తాడని నేను నమ్ముతున్నాను. మిత్రుడు నమ్మడం లేదు.